పసుపు కన్ను

మార్గశిర శుద్ధ తదియ

నీళ్ళ కోసం కట్టిన వలలకు మంచు బాగా పట్టింది. పిండితే రెండు బిందెలు నిండాయి. దీపం పెట్టి, నామాలు చదువుకుని, నాచు వడియాలు ఎండలో వేశాను. సముద్రం నిన్న ఉన్నచోటే ఉందని తమ్ముడు కామేశం కిటికీలోంచి చెప్పాడు. వాడి ఉద్యోగం అదే. కొండ మీద ఉన్న మా ఇంటి కిటికీలోంచి సముద్రాన్ని చూసి, ఎంత పైకొచ్చిందో రోజూ ఆఫీసుకు చెప్పాలి. దానికి బయటికి వెళ్ళనక్కర్లేదు గనుక వాడు రెండేళ్ళుగా గడప దాటలేదు.

చెల్లెలు కుముద ఫొటోల పని ముగించింది. పున్నమినాడు ముద్ర; ఏ ఇల్లు ఎవరిదో ఏటా ఆ రోజే ఖాయం చేస్తారు. ఆలోగా ప్రతి ఇల్లూ తన మనుషుల ఫొటోలు పంపాలి. తలుపు కాసే గడపకున్న కన్ను తీసిన ఫొటోలే పంపాలి గాని, కాస్త దిద్దుకోవచ్చు. దిద్దించుకోవడానికి వీధి వీధంతా కుముద దగ్గరికే వస్తుంది. దాని చెయ్యి మంచిదని పేరు.

అది ఫొటోలు దిద్దే పలకలోకి పక్కన కూర్చుని చూశాను. ముందు వెలుగు సరిచేస్తుంది. తర్వాత రంగు. కత్తిరింపు ఆఖరున. ఎదురింటి పిల్ల బుగ్గ మీద మొటిమ తీసేసింది, పుట్టుమచ్చ ఉంచింది.

"అదెందుకు ఉంచావే?" అన్నాను.

"మొటిమ వారం రోజుల చుట్టం అక్కా. పుట్టుమచ్చ ఆ పిల్లది."

ఆ మాట నాకు నచ్చింది.

చివర్న, ఏటా దిద్దకుండానే పంపే మా ఫొటోలు తెరిచింది.

"చూడు, బుట్టలో మామిడిపళ్ళలా ఉన్నాం."

నిజమే. నేను, కామేశం, వాడి భార్య రత్నం, కుముద, నలుగురం పసుపుపచ్చగా ఉన్నాం. కుముద నా వెనక సున్నపు గోడ మీద వేలు పెట్టింది. ఫొటోలో తెల్లగా ఉండాల్సిందేదో వెతికి, ఇది తెలుపు అని పలకకు చెబితే చాలట. మిగతా రంగులన్నీ వాటంతటవే దారికి వస్తాయట. వచ్చాయి. నలుగురం మనుషులమయ్యాం.

"బాగుంది," అన్నాను.

పంపింది. పలకలో చోటు లేక, పాతవాటి మీదే సేవ్ చేసింది.

చవితి

తెల్లవారకముందే వలల దగ్గరికి వెళ్ళి, బిందెతో తిరిగి వచ్చాను. తలుపు తెరుచుకోలేదు.

"నమస్కారమండీ. మీరెవరో నాకు తెలియదు," అంది గడప.

మా వీధిలో తాళాలు లేవు. గడప మనిషిని చూసి, పంపిన ఫొటోతో పోల్చుకుని తలుపు తీస్తుంది. పన్నెండేళ్ళుగా నన్ను చూస్తోంది. బిందె దించి, కొంగు సర్దుకుని మళ్ళీ నిలబడ్డాను.

"నమస్కారమండీ. మీరెవరో నాకు తెలియదు," అంది మళ్ళీ. దానికి విసుగు లేదు.

నా గొంతు విని రత్నం బయటికి వచ్చింది. ఆమె వెనక తలుపు పడింది. ఇద్దరం నిలబడితే ఇద్దరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టింది. గడపతో తేల్చుకుంటానని కుముద వచ్చింది. దాని వెనకా తలుపు పడింది.

తర్వాత కామేశం చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఒరేయ్, రాకు," అన్నాను.

"నేనెందుకొస్తానక్కా," అన్నాడు కిటికీలోంచి. "చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటున్నా, అంతే."

వాడు లోపల్నుంచి తలుపు పట్టుకుని మమ్మల్ని దాటించడానికి లేదు. గడప ఎరగని మనిషి దాటితే వీధంతా గంట మోగుతుంది. ఆ రోజే ఇల్లు పోతుంది.

వంట వాడే చెయ్యాల్సి వచ్చింది. రత్నం కిటికీ ఊచలు పట్టుకుని చెప్పింది.

"బియ్యం కడగండి."

"సబ్బుతోనా?"

రత్నం నా వైపు చూసింది. "వదినా, ఈయన్ని మీరే పెంచారు కదా," అంది.

అన్నం ముద్దయింది. ఊచల సందులోంచి అందుకుని, అరుగు మీద కూర్చుని తిన్నాం. దేవుడి గది లోపల ఉండిపోయింది. కామేశం చేత దీపం పెట్టించాను. బయట నుంచి నామాలు చదివాను. ఆయనకు వినిపించే ఉంటుంది.

పంచమి

కుముద పొద్దున్నించి గడప కన్ను ఎదురుగా కూర్చుంది. చాలాసేపయ్యాక, "వదినా, దీనికి నువ్వేమైనా రాస్తావా?" అంది.

"పసుపు," అంది రత్నం. "లక్ష్మివారం, లక్ష్మివారం. మార్గశిరంలో అయితే రెండు పూటలా."

"కన్నుకా?"

"గడప రేకుది కదా, పసుపు పెడితే జారిపోతుంది. కన్నొక్కటే పట్టుకుంటుంది. గడపకు పసుపు లేకుండా ఎలా ఉంచమంటావు? ముండమోసినట్టు."

కుముద తల పట్టుకుంది. కాసేపటికి మా ఇద్దరికీ విడమరిచి చెప్పింది. పన్నెండేళ్ళ పసుపు కన్ను మీద పొరలా పట్టింది. ఆ కంటికి అందరూ పసుపుగానే కనిపిస్తారు. పసుపుగా తీసుకున్న ఫొటోలతో పసుపుగా కనిపించే మమ్మల్ని పోల్చుకుని ఇన్నేళ్ళూ లోపలికి రానిచ్చింది. ఇప్పుడు ఫొటోల్లో పసుపు లేదు. గడపకు మాత్రం మేమింకా పసుపుగానే కనిపిస్తున్నాం.

"కామెర్లవాడికి లోకమంతా పచ్చన," అన్నాడు కామేశం కిటికీలోంచి. "వాడికి మందెయ్యాలి గాని లోకానికి సున్నం కొడతారా?"

"నువ్వు పప్పులో ఉప్పెయ్యన్నయ్యా," అంది కుముద.

చింతపండుతో తుడిచాం. కుంకుడు రసం పెట్టాం. "దయచేసి గుచ్చకండి," అంది గడప. పొర కదల్లేదు.

సాయంత్రం ఇద్దరు వచ్చారు. ఆయన చేతిలో కొలత టేపు, ఆమె చేతిలో అరటి ఆకుల పొట్లం.

"పైడయ్యండి నా పేరు. ఇది మా ఇంటిది, సింహాచలం. ఇల్లు లేనోళ్ళ వరసలో, ఈ ఇంటికి మీ తరవాత పేరు మాదేనండి. ఇంటోళ్ళు రాత్రి బయట పడుకున్నారని మాకు కబురొచ్చినాది. ఓపాలి సూసుకెల్దామని."

"ఇల్లు మేము ఇంకా వదల్లేదు," అన్నాను.

"వొదలమని ఎవులన్నారమ్మగారూ. కిటికీ కొలతలెట్టుకుంటే పరదా గుడ్డ ముందుగా కొనుక్కోవచ్చునని, అంతే."

సింహాచలం పొట్లం విప్పింది. వేడి ఉప్పుడు పిండి. "తినండమ్మా. బయట కూకున్నోళ్ళకి ఆకలేస్తాది, నాకెరికే," అంది. వాళ్ళ ఊరిని సముద్రం తీసుకుని తొమ్మిదేళ్ళయిందట. అప్పటినుంచి బస్సుల షెడ్డులో ఉంటున్నారు.

పైడయ్య కిటికీ కొలుస్తుంటే కామేశం లోపల్నుంచి టేపు రెండో కొస పట్టుకున్నాడు. అడిగితే కాదనడం వాడికి చిన్నప్పట్నుంచీ రాదు.

సప్తమి

ముద్రాధికారి సన్యాసిరావు గారికి కబురు చేస్తే సైకిలు మీద వచ్చారు. అంతా విన్నారు.

"ఫొటో ఒప్పు అండి, మనిషే తప్పు," అన్నారు. "రూలు అలాగే ఉంది. పున్నమినాడు ఇంటివాళ్ళలో సగానికి పైగా గడప గుర్తుపట్టాలి. లేకపోతే ఇల్లు పైడయ్యది."

"ఫొటో మార్చి పంపవచ్చా?" అంది కుముద.

"ఏడాదికి ఒక్క సవరణ. ఒక్కటే. ఆలోచించుకుని పంపండి."

ఆయన వెళ్ళాక కుముద పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అసలు ఫొటోలు లేవు. ఎంత పసుపు తీసిందో గుర్తు లేదు. గోడ మీద వేలు పెట్టింది, పలకే లెక్క చూసుకుంది.

"అక్కా, ఎవరికైనా మొదట నేర్పేది అదే. అసలుది ముట్టుకోకు, నకలు తీసి దాని మీద దిద్దు. వీధంతా నకళ్ళు తీశాను. మన ఇంటికొచ్చేసరికి, మనవే కదా అనుకున్నా."

"మనవే కదా," అన్నాను. తల నిమిరాను. దానికి నలభై నాలుగేళ్ళు. తల నిమరనిస్తుంది.

నవమి

సవరణ దాచుకుని ముందు వేరేది చూద్దామంది కుముద. రంగుకు విరుగుడు దాని ఎదుటి రంగేనట. ఫొటోలో పసుపు ఎక్కువైతే నీలం వైపు జరపాలి. కన్నును జరపలేం గనుక, మనమే జరగాలి.

"అంటే?" అన్నాను.

రత్నానికి ముందే అర్థమైంది. "తెల్లచీర పసుపెక్కితే నీలిమందు పెట్టినట్టే కదా," అంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, వంటింటి గూట్లో నీలిమందు డబ్బా అందుకోండి," అంది.

మొదట రత్నానికి పూశాం. ఆమె వెళ్ళి గడప ముందు నిలబడింది.

"నమస్కారమండీ. మీరు శేషరత్నం గారి పోలికలో ఉన్నారు. చుట్టాలా?"

కుముద ముఖం వెలిగింది. "ఒకేసారి దట్టంగా పూయకూడదు వదినా. పల్చగా ఒక పొర, ఆరాక ఇంకో పొర. ప్రతి పొరకూ దూరంగా జరిగి చూడాలి. దగ్గరగా చూస్తే ఏదైనా చాలనట్టే ఉంటుంది."

పొర మీద పొర వేసింది. దూరంగా జరిగింది. మళ్ళీ వేసింది.

"శేషరత్నం గారూ, దయచేయండి," అంది గడప.

రత్నం లోపలికి వెళ్ళింది. గిన్నె కిందపడిన చప్పుడైంది. తర్వాత కామేశం గట్టిగా నామాలు చదవడం వినిపించింది. వాడి నోట నామాలు వినడం నాకు అదే మొదలు.

మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. వెలుగు మారిందని, తెల్లవారుజాము లెక్క ఇప్పుడు పనికిరాదని కుముద అంది. అయినా పూసుకున్నాం. గడప ఒప్పలేదు. నీలంగా అరుగు మీద కూర్చున్నాం. పై వీధి నుంచి ముసలాయన ఒకడు పోతూ ఆగాడు. చెప్పులు విడిచాడు. నా పాదాల దగ్గర రెండు అరటిపళ్ళు పెట్టాడు.

"నేను కాదు నాయనా," అన్నాను.

"అలాగే అంటారు తల్లీ," అన్నాడు.

మధ్యాహ్నానికి జనం పెరిగారు. కొబ్బరికాయ కొట్టబోతే, అప్పుడే వచ్చిన సింహాచలం అడ్డం నిలబడింది. "ఏటి బాబూ, ఆళ్ళకి ఇల్లు లేక కూకున్నారు. మీరేమో వరాలడుగుతున్నారా," అంది. ముఖం కడుక్కుంటే జనం పోతారు. కాని పొద్దున్నే మళ్ళీ పూయాలంటే డబ్బాలో నీలిమందు అడుగంటింది. కడుక్కోకుండానే కూర్చున్నాను. భగవంతుణ్ణి క్షమించమని అడిగాను. ఆయన నవ్వే ఉంటాడు.

దశమి

రత్నం బయటికి వచ్చేసింది.

ముఖం కడుక్కుని, అలవాటు కొద్దీ, వాకిట్లో ముగ్గు వేయడానికి వచ్చింది. నాలుగు చుక్కలు పెట్టాక గుర్తొచ్చింది. చుక్కలు కలిపి ముగ్గు పూర్తి చేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.

మాకు పూసిన నీలం రాత్రి మంచుకు కారిపోయింది. డబ్బాలో ఇక లేదు. ముద్రనాడు ముఖానికి రంగు ఉండకూడదని సన్యాసిరావు గారు మనిషితో చెప్పి పంపారు కూడా.

ఏకాదశి

ఉపవాసం. వండమని కామేశానికి చెప్పనక్కర్లేదనుకున్నాను. కాని వాడు తనకు తానే చారు కాచి పైడయ్య దంపతులకు ఊచల్లోంచి అందించాడు. పైడయ్య ఒక గుక్క తాగి, లోటాలోకి చూశాడు. మళ్ళీ తాగాడు.

"ఇది ఎవులు సేసినారు?"

"నేనేనండి. ఇంగువ ఆఖరున వేశా," అన్నాడు కామేశం.

పైడయ్య మూడోసారి పోయించుకున్నాడు.

కుముద సవరణ పంపింది. పొద్దున్నించి అరుగు మీద ఎండలో కూర్చుని ఫొటోలకు పసుపు కలిపింది. నేను చూశాను. చాలదనిపించింది. రత్నం చూసి చాలదంది. ఇంకొంచెం కలిపింది. కన్ను మీది పసుపు వంక చూసి, ఫొటో వంక చూసి, ఇంకొంచెం కలిపింది. ఎండ తగ్గకముందే పంపింది.

పంపాక పలకను నీడలోకి తీసుకువచ్చింది. చూసింది. అక్కడే కూర్చుండిపోయింది.

ఎండలో పలక వెలవెలబోతుందట. ఎంత రంగు వేసినా చాలనట్టే ఉంటుందట. ఆ సంగతి వీధిలో పిల్లలకు కూడా చెప్పేదాన్నే అక్కా, అంది.

ద్వాదశి

పారణ కాకముందే వైద్యుడు వచ్చాడు. చేతిలో నేల ఉసిరి కట్టలు.

"ఇంట్లో నలుగురికీ కామెర్లని గడప కబురు పెట్టింది. ఏరీ రోగులు?"

చూపించాం. కళ్ళు, గోళ్ళు చూశాడు. నాలుక చాపమన్నాడు. "మీకేమీ లేదు," అన్నాడు. "మీ ఫొటోలకు ఉంది." అయినా తెచ్చిన కట్టలు ఇచ్చిపోయాడు. వచ్చినందుకు ఇవ్వాలి గదా అన్నాడు.

ఫొటోల్లో ఇప్పుడు మరీ పసుపు. పసుపు కంటికి కనిపించేదాని కన్నా ఎక్కువ. ఎంత ఎక్కువో చూద్దామని కుముద గిన్నెలో పసుపు కలుపుకుని ముఖానికి, మెడకు రాసుకుంది. వెళ్ళి నిలబడింది.

గడప కాసేపు ఆలోచించింది.

"నమస్కారమండీ. మీరెవరో నాకు తెలియదు. పెళ్ళికూతురిలా ఉన్నారు. శుభం."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. కుముద మాత్రం నవ్వింది. నవ్వుతూనే నూతి వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. సింహాచలం చెంబు తీసుకుని వెనకే వెళ్ళింది. వచ్చేటప్పుడు కుముద ముఖం శుభ్రంగా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

చతుర్దశి

రేపు ముద్ర. సన్యాసిరావు గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పైడయ్య, సింహాచలం మూటలు కట్టుకుని వచ్చి అవతలి చివర కూర్చున్నారు. పరదా గుడ్డ కొన్నారు. ఆకుపచ్చది. బాగుంది.

"ఇక దారి లేదా?" అని అడిగాను.

"సవరణ అయిపోయింది కదండీ. ఫొటోలు మళ్ళీ తీయాలంటే రెండే కారణాలు. ఇంట్లో మనిషి పోవాలి, లేదా మనిషి రావాలి. అప్పుడు ఇంటిల్లిపాదినీ కన్ను కొత్తగా తీస్తుంది. అక్కడికక్కడే ముద్ర. దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు."

మనిషి పోవాలి అన్నప్పుడు రత్నం, కుముద, కిటికీలోంచి కామేశం నా వైపు చూశారు. నేను పెద్దదాన్ని గదా.

"చూడకండి," అన్నాను.

"అబ్బే, ఊరికే అక్కా," అన్నాడు కామేశం.

మనిషి రావడం గురించి అడిగాను. చేరిన మనిషి చేరినట్టే, తర్వాత పొమ్మనడానికి వీల్లేదు అన్నారు సన్యాసిరావు గారు. ఇంకొకటి కూడా చెప్పారు. కొత్త ఫొటో తీసేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. ఇల్లు ఖాళీ అయిన క్షణం నుంచి అది వరసలో తర్వాతి పేరుది. ఆ తర్వాతివాడు నాకు వద్దు అంటేనే ఫొటో.

అంటే పైడయ్యది.

జపమాల తీసుకుని కొంచెంసేపు కూర్చున్నాను. లేచి అరుగు అవతలి చివరకు వెళ్ళాను.

"పైడయ్య గారూ, రేపు మీరు ఊరికే కూర్చుంటే ఇల్లంతా మీది. అది మీ హక్కు. నేను అడిగేది వేరు. మా ఇంటి మనుషులుగా చేరండి. నాలుగు గదులు. ఒకటి మీది. మేము పొమ్మనం, మీరు పోనక్కర్లేదు."

ఆయన టేపు చుట్టుకుంటూ ఉన్నాడు.

"నాలుగు గదులొగ్గేసి ఒక గదికి రమ్మంతారు," అన్నాడు.

"అవును."

"తొమ్మిదేళ్ళమ్మగారూ. తొమ్మిదేళ్ళు బస్సు అరుపుల్లో పడుకున్నాం."

"తెలుసు."

చేతులు జోడించి వచ్చేశాను. చీకటి పడేదాకా ఆయన ఏమీ చెప్పలేదు. సింహాచలం ఆయన పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉంది. నాకు వినపడలేదు. వినడానికి ప్రయత్నించలేదు.

పౌర్ణమి

సన్యాసిరావు గారు ముద్ర పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టారు. పైడయ్య ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఆయన మాట ఇల్లు ఖాళీ అయ్యాకే అడగాలండి," అన్నారు సన్యాసిరావు గారు. "ముందు అడిగితే చెల్లదు. లోపలున్న మనిషిని రమ్మనండి."

కుముద నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, వద్దు. అన్నయ్య లోపలుంటే సముద్రం లెక్కకోసమైనా తనని ఉంచుతారేమో. తనకైనా ఇల్లు ఉంటుంది."

"వాడొక్కడికీ ఇల్లెందుకే?" అన్నాను.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. "కామేశం, రా."

"అక్కా, పొయ్యి మీద పప్పుంది."

"దించి రా."

దించిన చప్పుడు వినిపించింది. చెప్పుల కోసం వెతుక్కున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. రత్నం ఊచల్లోంచి, "చెప్పుల్లేకుండా రండి, నేల కాలదు," అంది.

తలుపు తెరుచుకుంది. రెండేళ్ళ తర్వాత మా తమ్ముడు గడప దాటాడు. వెలుగుకు కళ్ళు చికిలించి, ముందు సముద్రం వైపు చూశాడు. "కిటికీలోంచి కన్నా దగ్గరగా ఉంది," అన్నాడు. వెనక తలుపు పడింది.

ఇల్లు ఖాళీ అయింది. ఆ క్షణాన మాకేమీ లేదు.

"పైడయ్యా," అన్నారు సన్యాసిరావు గారు. "ఇల్లు తీసుకుంటావా, ఇంట్లో చేరతావా?"

పైడయ్య ఇంటి వైపు చూశాడు. కిటికీలు చూశాడు. వాటి కొలతలు ఆయనకు మాకన్నా బాగా తెలుసు. చాలాసేపు చూశాడు. సన్యాసిరావు గారు ముద్ర పెట్టె మూత ఓసారి తీసి, మళ్ళీ వేశారు. కుముద గోళ్ళు నా అరచేతిలో దిగాయి. నామం నోటికి రాలేదు. ఊరికే నిలబడ్డాను.

"సెప్పరేటి," అంది సింహాచలం.

"ఆలోసించనీ."

"ఏటి ఆలోసన? ఈళ్ళు నలుగురూ ఇక్కడే అరుగు మీద కూకుంటారు. నాను లోపల కూకుని తినాల. దిగుద్దా నాకు? నాను బస్సుల షెడ్డుకే పోతాను, నువ్వు నాలుగు గదుల్లోనూ పడుకో."

పైడయ్య మెడ గోక్కున్నాడు. కామేశం వైపు తిరిగాడు.

"బాబూ, సారు నువ్వే కాస్తావా? రోజూ?"

కామేశం రత్నం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కాస్తానండి."

"ఇంగువ ఆఖర్ననే వేయాల."

"ఆఖర్ననే."

"సేరతామండి," అన్నాడు పైడయ్య సన్యాసిరావు గారితో. "సముద్రం ఏపు గది మాకు."

అది నా గది. "సరే," అన్నాను.

ఆరుగురం వాకిట్లో నిలబడ్డాం. కన్ను మా వైపు తిరిగింది. కుముద అందర్నీ నీడలోకి జరిపింది. ముఖాల మీద సగం ఎండ, సగం నీడ పడితే ఎంత దిద్దినా అతకదట. సింహాచలానికి కొంగు సర్దింది, పైడయ్యకు గుండీ పెట్టింది. తర్వాత తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

ముద్ర పెట్టె మీద ఫొటో కనిపించింది. ఆరుగురం పసుపుగా ఉన్నాం. సింహాచలం కళ్ళు మూసుకుంది. నా జుట్టు ఒక పక్క లేచి ఉంది. కుముద దాన్ని చూసి, పెదవి కొరికి, తల పక్కకు తిప్పుకుంది.

సన్యాసిరావు గారు ముద్ర వేశారు.

గడప కొత్తగా చేరినవాళ్ళతో మొదలుపెట్టింది. "పైడయ్య గారూ, సింహాచలం గారూ, దయచేయండి." వాళ్ళు మూటలతో వెళ్ళారు. తలుపు పడింది. మేము నలుగురం బయటే ఉన్నాం. వీధి చప్పుడు లేకుండా ఉంది. లోపల ఎవరో గదులన్నీ తిరుగుతున్న అడుగులు వినిపించాయి. ఒక్కొక్క గదీ చూసుకుంటున్నారు.

"త్రిపురాంబ గారూ, దయచేయండి," అంది గడప నన్ను చూసి.

తలుపు తెరుచుకుంది. లోపల సింహాచలం చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"కాళ్ళు కడుక్కుని రండమ్మా," అంది. "ఎప్పుడనగా తిన్నారో ఏటో."

చెంబు అందుకున్నాను. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను.